ఎడమకి తిరిగిన అంచు

మా పెద్దమ్మకి ఈ భూమ్మీద గిట్టని మనుషులు రెండు రకాలు. బుట్ట అల్లడం రానివాళ్ళు, వచ్చనుకునేవాళ్ళు. మొదటి రకం బస్సుల్లో దిగుతారు. రెండో రకం ఆమె ఇంట్లోనే ఉంటుంది, ఆమె కోడలి రూపంలో. నేను మొదటి రకంలోనే పుట్టినా సొంత చెల్లెలి కూతుర్ని కాబట్టి నన్ను ఏదో భరిస్తుంది.

పర్యాటకుల బస్సులు ఆగే చోట, మెట్ల వీధి మొదట్లో మా రెండు కొట్లూ పక్కపక్కనే. ఆమెవి బుట్టలు, నావి టోపీలు. ఆమె బుట్టలు ఆమె ఇంట్లో అల్లినవి. నా టోపీలు ఎక్కడివో నన్నడక్కండి. "చేత్తో చేసినవేనా?" అని ఎవరైనా అడిగితే, "నా చేత్తోనే అమ్ముతున్నా కదమ్మా!" అని నవ్వేస్తాను. వాళ్ళూ నవ్వి కొనుక్కుపోతారు. ఇంతకంటే దిగజారుడు వ్యాపారం ఉండదని పెద్దమ్మ అభిప్రాయం. ఆ అభిప్రాయం ఆమె నాకు రోజుకి రెండుసార్లు వినిపిస్తుంది.

బస్సు తలుపు తెరుచుకునే చప్పుడు వినగానే పెద్దమ్మ మూతి దానంతటదే ఓ పక్కకి పోతుంది.

"దిగారమ్మా మహారాజులు!" అంటుంది, పెదవి కదపకుండా.

ఎవరో ఒకాయన బుట్ట తీసి ముక్కుకి ఆనిస్తాడు. "వాసన చూస్తున్నాడే! పండిందో లేదోనని కాబోలు." ఇంకొకాయన వేలి కణుపుతో టకటకా కొడతాడు. "లోపల ఎవరూ లేరు నాయనా, తలుపు తియ్యరు." ఒకావిడ నెత్తిన బోర్లించుకుని అద్దం అడుగుతుంది. "టోపీలు పక్క కొట్లో తల్లీ, అక్కడికి తగలడు." ఫోటోలవాళ్ళంటే మరీ మంట. "మొహం వద్దట, చేతులు చాలట. కోసి పొట్లం కట్టి ఇవ్వమంటారేమో!" ఇదంతా చిరునవ్వు చెదరకుండానే అంటుంది. మన మాట రాని వాళ్ళు ఆ నవ్వుకి మురిసిపోయి ఇంకో ఫోటో తీసుకుంటారు. ఆమె మొహం ఎన్ని దేశాల గోడల మీద వేలాడుతోందో ఎవరికి తెలుసు! ఆ ఫోటోల్లో నోరుంటే ఎన్ని స్నేహాలు చెడిపోయేవో!

ఆమె కోపమల్లా ఒక్కటే. నలభై ఆరేళ్ళలో ఒక్కడంటే ఒక్కడు బుట్ట తిరగేసి అడుగు చూడలేదు, అంచు మీద బొటనవేలు పోనివ్వలేదు.

"అడుగు ఎవరైనా వేస్తారు, గోడ ఎవరైనా లేపుతారు. మనిషి పనితనం బయటపడేది అంచు దగ్గరే. ఈ గొర్రెలకి అంచుందన్న సంగతే తెలీదు."

ఆ అంచు సంగతి చెప్పకపోతే ముందు కథ అర్థం కాదు. నిలువు ఊచల చుట్టూ తడి బద్దలు అల్లుకుంటూ మెడ దాకా వచ్చాక, ఊచల కొసలు పైన ముళ్ళలా నిలబడి ఉంటాయి. వాటిని ఒక్కొక్కటే వంచి, పక్కదాని వెనకనుంచి తెచ్చి, ఆ తర్వాతిదాని ముందునుంచి లోపలికి దూర్చుకుంటూ పోవాలి. ఆఖరి కొసని మొదటిదాని కిందకి పంపి లాగితే అంచు మూసుకుంటుంది. పెద్దమ్మ అంచు కుడివైపుకి తిరుగుతుంది. ఆఖరి కొస ఎక్కడ దాక్కుందో పట్టుకోవడం నావల్ల ఈనాటికీ కాలేదు.

మా మరదలు ఆ ఇంటికి కోడలుగా వచ్చి పదకొండేళ్ళయింది. వచ్చిన వారం నుంచే పెద్దమ్మకి ఎదురుగా పీట వేసుకుని పనిలోకి దిగింది. అడుగు వేస్తుంది, గోడ లేపుతుంది, మెడ దాకా తెస్తుంది. మెడ రాగానే పెద్దమ్మ "ఇలా తే" అని చెయ్యి చాపుతుంది. అంతే, అంచు పెద్దమ్మది. బుట్ట కూడా పెద్దమ్మదే.

రెండో ఏడు, పెద్దమ్మ ఎక్కడికో వెళ్ళినప్పుడు, మరదలు ఒక అంచు తనే మూసింది. అది ఎడమకి తిరిగింది. పెద్దమ్మ వచ్చి చూసి, కొనేవాళ్ళ ముందే, ఆ అంచు ఊచ ఊచా విప్పేసింది.

"ఎడంచేతి అంచు! ఇది నా బల్ల మీద పెడితే నా మొహాన నేనే ఉమ్మేసుకున్నట్టు."

ఆరోజు నుంచి మరదలి పేరు 'ఎడంచెయ్యి'. పాపం ఆమె తినేది కుడిచేత్తో, రాసేది కుడిచేత్తో, నా టోపీల మీద వాలిన ఈగని కొట్టేదీ కుడిచేత్తోనే.

కిందటి చలికాలం పెద్దమ్మ కుడి బొటనవేలి కీలు ఉబ్బింది. "చలికి" అంది. ఎండలొచ్చాయి. ఆ సంగతి వేలికి ఎవరూ చెప్పినట్టు లేదు. రోజుకి నాలుగు అంచులు మూసే మనిషి ఒకటి మూయడానికే పొద్దంతా తీసుకునేది, అదీ మాకు వీపు తిప్పి. మెడ దాకా వచ్చిన బుట్టలు బెంచీ కింద పోగుపడ్డాయి, తల దువ్వని పిల్లల్లా కొసలు నిక్కబొడుచుకుని.

"అత్తయ్యా, అంచులు నేను మూస్తాను" అంది మరదలు.

"ముందు నోరు మూయి, అది నేర్చుకో."

ఇలా మూడుసార్లు అయింది. నాలుగోసారి మరదలు అడగలేదు. వీధి చివర పళ్ళ పార్సిళ్ళ షెడ్డుకి వెళ్ళి పని మాట్లాడుకుని వచ్చింది. సోమవారం నుంచి రమ్మన్నారని పొద్దున టీ తాగుతూ చెప్పింది. ఆమె మొగుడు, అంటే మా తమ్ముడు, గ్లాసులో ఏదో పడినట్టు అందులోకే చూస్తూ కూర్చున్నాడు.

"వెళ్ళనీ. అట్టపెట్టెలకి అంచులుండవు, దానికి సుఖం" అంది పెద్దమ్మ.

మరదలు వెళ్ళిపోతే కొట్టు నెల రోజుల్లో మూతపడుతుందని అందరికీ తెలుసు. పెద్దమ్మకి అందరికంటే ముందు తెలుసు. అయినా అంచు వదులుకోవడం కంటే కొట్టు వదులుకోవడమే నయమని ఆమె నిశ్చయం. ఈ వంశంలో మొండితనం ఆడవాళ్ళకే వస్తుంది, మగవాళ్ళకి డ్రైవింగ్ వస్తుంది.

తమ్ముడు పర్యాటకుల బస్సు నడుపుతాడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య మాట్లాడే ధైర్యం వాడికి పుట్టుకతో లేదు. అందుకని వాడికి తెలిసిన ఒక్క పనీ చేశాడు. ఇద్దర్నీ బస్సెక్కించాడు. సరిహద్దు దాటి పక్కదేశం, రెండు రోజులు. సీజను కాదు, మూడు సీట్లు ఖాళీ.

"అక్కా, నువ్వు మధ్యలో కూర్చో" అన్నాడు నాతో. నేను వెళ్ళి కంచెలా కూర్చున్నాను. దారంతా ఇద్దరూ నాతోనే మాట్లాడారు. ఇద్దరి మాటలూ నాకు తగిలి అవతలికి చేరాయి.

పక్కదేశం అన్న మాటే గానీ, అక్కడా మాట్లాడేది మన మాటే, కాస్త సాగదీస్తారు. బస్సు ఆగింది, తలుపు తెరుచుకుంది, దిగాం. దిగి ఏం చేశామో చెప్పాలంటే నాకు సిగ్గేస్తోంది. రోడ్డుకి అడ్డంగా నిలబడి నోళ్ళు తెరిచాం. మా ఊళ్ళో ఉన్నటువంటి మేడలే చూసి "అబ్బ!" అన్నాం. పది నిమిషాలు తిరక్కుండానే నేను ఒక చెక్కపెట్టె కొన్నాను. దాని మూతకి ఏదో రహస్యపు కీలుంది. కొట్టువాడు నొక్కితే టక్కున తెరుచుకుంది, నేను నొక్కితే కదల్లేదు. "కొత్త కదండీ, ఇంటికెళ్ళాక అలవాటవుతుంది" అన్నాడు. పెట్టెకి అలవాటవుతుందో నాకు అలవాటవుతుందో చెప్పలేదు.

"పాతికేళ్ళు టోపీలు అమ్మావు. ఆఖరికి నీ నెత్తినే పెట్టించుకున్నావు" అంది పెద్దమ్మ పరమానందంగా.

చేతిపనుల సందు అక్కడికి దగ్గరే. ఎక్కడ చూసినా ఒకటే సరుకు: ఒకే అచ్చులోంచి తీసిన బొమ్మలు, ఎవరూ ఊదని పిల్లనగ్రోవులు, ఎవరూ తిననంత పెద్ద గరిటెలు. మాలాంటివాళ్ళు గుంపులు గుంపులుగా వాటిని ఎత్తి, దించి, ఏదో తెలిసినట్టు తలలాడిస్తున్నారు. సందు చివర బుట్టల కొట్టు. పీట మీద పెద్దమ్మ ఈడావిడే, ఒళ్ళో సగం అల్లిన బుట్ట, పక్కన నీళ్ళ గిన్నె, తడిగుడ్డ. మమ్మల్ని చూడగానే ఆవిడ మూతి ఓ పక్కకి పోయింది.

నాకు ఆ మూతి తెలుసు. పెద్దమ్మ మాత్రం చూడలేదు, అప్పటికే బుట్టల మీద పడింది. ఒకటి తీసి ముక్కుకి ఆనించింది.

"పెద్దమ్మా, వాసన చూస్తున్నావు" అన్నాను మెల్లిగా.

"బద్ద సరిగా ఎండిందో లేదో చూస్తున్నానే. నాకూ వాళ్ళకీ పోలికా?"

తర్వాత కణుపుతో కొట్టింది. తిరగేసి అడుగు చూసింది, పర్వాలేదన్నట్టు కనుబొమ్మ లేపింది. అంచు మీద బొటనవేలు పోనిచ్చి, సగంలో ఆగింది. ఇంకో బుట్ట తీసింది. ఇంకోటి. కొట్టులో ఉన్న బుట్టలన్నీ ముట్టుకుని వచ్చింది.

"ఓరి దేవుడో, ఈ దేశం దేశమంతా ఎడంచెయ్యే!" అంది, సందంతా వినపడేలా.

మరదలు వచ్చి తనూ ఒక అంచు తడిమి చూసింది.

"కొంటారా, నలిపి పోతారా?" అంది కొట్టావిడ.

"ఈ అంచు మూసిందెవరు?"

"అంచుకోసం కూలివాళ్ళని పిలుస్తానా? నేనే."

"తప్పుగా మూశావమ్మా."

"అలాగా!" కొట్టావిడ పని ఆపను కూడా లేదు. "నిన్నొకాయన అడుగు తప్పన్నాడు. మొన్నొకావిడ తనకీ అల్లడం వచ్చంది, ఉన్నితోనట. నీకేం వచ్చు తల్లీ?"

"నలభై ఆరేళ్ళుగా ఇదే పని నాది!"

"మరే. బస్సు దిగిన ప్రతివాళ్ళకీ నలభయ్యేళ్ళే. ఫోటో తీసుకుంటావా? చేతులు చూపించనా?"

పెద్దమ్మ మొహం అలా మాడిపోవడం నేనెన్నడూ చూడలేదు. ఆమెని చాలామంది చాలా మాటలన్నారు, మా పెదనాన్న బతికుండగా రోజూ అనేవాడు. కానీ బస్సు దిగినవాళ్ళలో ఆమెని జమకట్టినవాళ్ళు లేరు. ఇప్పుడు ఆ పనీ అయింది, అదీ ఎడమకి అంచు తిప్పే మనిషి చేతుల్లో.

అప్పుడు ఆమె ఏ పర్యాటకులూ చెయ్యని పని చేసింది. చేతిలో ఉన్న బుట్ట అంచులో ఆఖరి కొసని గోటితో పట్టి లాగింది. నేను వద్దనేలోపు అంచు మొత్తం విప్పేసింది. కొసలన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"ఇదిగో, ఎలా మూయాలో చూడు."

"అయ్యయ్యో, విప్పేసింది!" కొట్టావిడ ఒళ్ళోది పడేసి లేచింది. "ఇదేం మనిషే! ఏమయ్యా గరిటెలాయనా, చూస్తున్నావా! బంగారంలాంటి బుట్ట నా కళ్ళముందే విప్పేసింది!"

గరిటెలాయన వచ్చాడు, పిల్లనగ్రోవులవాళ్ళు వచ్చారు. మా బస్సులోనే వచ్చిన ఒక పెద్దమనిషి ఫోటో తీశాడు. నేను నా చెక్కపెట్టెని గుండెకి అదుముకుని, వీళ్ళెవరో తెలియనట్టు ఒక అడుగు పక్కకి జరిగాను.

పెద్దమ్మ నేలమీదే చతికిలబడి బుట్ట ఒళ్ళో పెట్టుకుంది. మొదటి ఊచని కుడివైపుకి వంచింది. టక్కున విరిగింది. ఎడమకి వంగి ఎండిపోయిన ఊచ కుడికి రమ్మంటే వస్తుందా?

"తడి లేకుండా వంచేస్తున్నావే, నలభై ఆరేళ్ళావిడా!" అంటూ కొట్టావిడ తడిగుడ్డ విసిరింది.

పెద్దమ్మ గుడ్డ చుట్టి కొసలు నానబెట్టింది. రెండో ఊచ పట్టుకుంది. బొటనవేలు ఆనించి నొక్కబోతే వేలు పక్కకి జారింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. మూడోసారి ఊచ ఎగిరి ఆమె చెంపకి తగిలింది. ఆమె మెల్లిగా బొటనవేలిని గుప్పిట్లో దాచేసుకుంది. నేను చూశాను, మరదలు చూసింది, కొట్టావిడా చూసింది. అరుపు ఆగిపోయింది.

"ఎన్నాళ్ళనుంచి?" అంది కొట్టావిడ, గొంతు తగ్గించి.

"చలికి" అంది పెద్దమ్మ.

ఆ ఎండకి ఆ సందులో కుక్కలు కూడా బల్లల కింద దూరి రొప్పుతున్నాయి.

మరదలు వచ్చి పెద్దమ్మకి ఎదురుగా కూర్చుంది. "అమ్మా, విరిగినదాని పక్కన దోపడానికి ఒక ఊచ ఇస్తారా?" అని కొట్టావిడని అడిగింది. తర్వాత అత్తగారివైపు చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వండి అత్తయ్యా."

పెద్దమ్మ బుట్ట వదల్లేదు. రెండు చేతులా పట్టుకునే ఉంది. చుట్టూ జనం, మీదనుంచి ఎండ, పక్కన కొట్టావిడ. మరదలు చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ షెడ్డు పనికి ఒప్పుకున్న రోజు కూడా ఆమె మొహం ఇలాగే ఉంది. ఇవ్వకపోతే లేచి వెళ్ళిపోతుందని నాకు తెలిసిపోయింది.

పెద్దమ్మ చేతులు వదిలాయి.

మరదలు విరిగిన ఊచ పక్కన కొత్తది దోపింది. తడిగుడ్డతో కొసలన్నీ ఇంకోసారి తుడిచి, ఎడమవైపుకి మొదలుపెట్టింది. వంచడం, వెనకనుంచి తేవడం, ముందునుంచి దూర్చడం. ఇన్నేళ్ళుగా ఆగిన చెయ్యి అది, ఎక్కడా తడబడలేదు. బుట్ట ఒళ్ళో గుండ్రంగా తిరుగుతూనే ఉంది. జనం కాసేపు చూసి, గొడవేమీ జరిగేలా లేదని విసుగుపుట్టి వెళ్ళిపోయారు. ఆఖరి కొస లోపలికి పోయింది, కనపడకుండా పోయింది.

కొట్టావిడ బుట్ట లాక్కుని అంచు తడిమింది. తిప్పి తడిమింది. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ తడిమింది.

"కొస ఎక్కడ దాచావే అమ్మాయ్? మావాళ్ళ అంచులో ఇలా దాగదు. ఎవరు నేర్పారు నీకు?"

"ఎవరూ నేర్పలేదండీ" అంది మరదలు. "రోజూ అత్తయ్యకి ఎదురుగా కూర్చుని బద్దలు అందిస్తాను. ఆవిడ చేతులు చూస్తూ నేర్చుకున్నా. ఎదురుగా కూర్చుంటే ఆవిడ కుడి నాకు ఎడమే కదా."

పెద్దమ్మ గిర్రున కోడలివైపు తిరిగింది.

"పదకొండేళ్ళు! ఈ ముక్క ఒక్కసారి చెప్పి చావలేకపోయావా?"

"మీరు అడగలేదు. విప్పేశారు."

కొట్టావిడకి ఇదంతా మంచి కాలక్షేపంలా ఉంది. "ఈ పిల్లని నాకిచ్చెయ్. నా కోడలికి బుట్ట ఏ వైపు పైకి ఉండాలో కూడా తెలీదు."

"నీకెందుకిస్తాను?" పెద్దమ్మ కస్సుమంది. "అది నా అంచు! ఎదురునుంచి చూసింది కాబట్టి తిరగబడింది, అంతే. నీ అంచులకీ దానికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత దూరం."

"అలాగే తల్లీ. విప్పిన బుట్ట నాకొద్దు. నువ్వే కొనుక్కో."

పెద్దమ్మ కొంది. అడిగినంతా ఇచ్చింది, మారుమాట్లాడకుండా. కొట్టావిడ మూతి మళ్ళీ ఓ పక్కకి పోయింది. "బేరం కూడా చేతకాదు, ఏం మనుషులో!" అని మేము రెండడుగులు వేశాక అనడం నాకు వినపడింది. పెద్దమ్మకీ వినపడింది. మెడ బిగుసుకుంది గానీ వెనక్కి తిరగలేదు.

తిరుగు ప్రయాణంలో నన్ను కిటికీ దగ్గరికి తోసి, పెద్దమ్మ మధ్య సీట్లో కూర్చుంది. చాలాసేపు ముందు సీటు వీపుని తిట్టుకుంటున్నట్టు చూసింది.

"సోమవారం ఆ షెడ్డుకి వెళ్ళాల్సిందేనా? బెంచీ కింద ఇరవై మూడు బుట్టలున్నాయి, అంచులు మూయాల్సినవి."

"అంచులు మూయడానికైతే రానత్తయ్యా."

"మరింకేం చేస్తావు, నాట్యమా?"

"అడుగు నుంచి అంచు దాకా బుట్ట నాది. మధ్యలో మీరు చెయ్యి చాపకూడదు. ముందు బల్ల మీద పెట్టాలి. ఎవరైనా అడిగితే కోడలు అల్లిందని చెప్పాలి."

"ఇంకా నయం, ఇల్లు రాసిమ్మనలేదు!"

ముందు అద్దంలోంచి తమ్ముడి కళ్ళు ఇటే చూస్తున్నాయి. రోడ్డు చూడరా అని నేను సైగ చేశాను.

సరిహద్దు దగ్గర సంచులు చూసే కుర్ర అధికారి బస్సెక్కాడు. పెద్దమ్మ ఒళ్ళో బుట్ట చూసి ఆగాడు.

"ఏం కొన్నారమ్మా?"

"ఇది ఒక పెట్టె కొంది, తెరుచుకోదు" అంది పెద్దమ్మ నన్ను చూపించి.

"మరి ఆ బుట్ట? బావుందే. అక్కడి పనే కదా, చూడగానే తెలుస్తోంది."

పెద్దమ్మ అతణ్ణి కాళ్ళనుంచి తలదాకా చూసింది. నలభై ఆరేళ్ళుగా బస్సు దిగేవాళ్ళని చూసిన చూపు అది.

"నీకేం తెలుసు నీ మొహం! అంచు తడిమి చూశావా? కొస దొరుకుతుందేమో వెతుకు. మా కోడలు అల్లింది."

కోడలు మూసింది అంచు మాత్రమే, అడుగూ గోడా అవతలి దేశానివే. ఆ సంగతి ప్రభుత్వానికి చెప్పాలా వద్దా అని నేను ఆలోచిస్తుండగా, ఆ కుర్రాడు పాపం బొటనవేలితో అంచంతా వెతికి, దొరక్క, బుట్ట తిరిగిచ్చి దిగిపోయాడు.

బస్సు కదిలింది. మరదలు ఫోను తీసి షెడ్డాయనకి చేసింది. సోమవారం రావడం కుదరదని చెప్పింది. ఎందుకని అడిగినట్టున్నాడు.

"మా కొట్టులో సరిగ్గా అంచు మూసేవాళ్ళు లేరండీ" అంది, అవసరానికి మించి గట్టిగా.

పెద్దమ్మ నావైపు వంగింది. మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "విన్నావా దాని పొగరు?" అంది గుసగుసగా. నేను వినలేదేమోనని ఇంకోసారి కూడా అంది.